ఉక్కు చట్రమునకు వాకిలి

యంత్రమును రెండు వేళలందు పరీక్షింపవలెను: అది నడుచుచున్నప్పుడొకసారి, నిలిచిపోయినప్పుడొకసారి. నడుచుచున్న యంత్రము నిర్మాత ప్రజ్ఞను చాటును. నిలిచిపోయిన యంత్రము, దానిని బాగుచేయవలసిన వానిని గూర్చి ఆ నిర్మాత ఎంతవరకు ఆలోచించెనో తెలుపును. చేయి లోపలికి పోవునా? పానా తిరుగుటకు చోటున్నదా? ఒక చిన్న భాగమును మార్చుటకు ఎన్ని పెద్ద భాగములను విప్పవలెను? ఈ ప్రశ్నలు ప్రకటనలలో కనిపింపవు; పనివాని చేతులకు మాత్రము తెలియును.

పాత మోటారు సైకిళ్లను కాపాడుకొనుచున్న వారికి ఇవి నిత్యమెదురగు ప్రశ్నలు. పైమూత తీయుటకు కొద్దిపాటి ఎడము చాలక, ఇంజను మొత్తమును చట్రము నుండి దింపవలసిన బండ్లు కలవు. అట్టి బండ్ల యజమానులలో కొందరు విసిగి, రంపము చేతబట్టి, చట్రమునే ఒకచోట కోసి, కోసిన ముక్కను కావలసినప్పుడు విప్పి మరల బోల్టులతో బిగించుకొను ఏర్పాటు చేసికొనిరి. అనగా ఉక్కు చట్రమునకు వాకిలి కట్టిరి. ఇది సాహసమా, వివేకమా? చట్రము చేయు పని యేమో ఎరిగినగాని దీనికి సమాధానము దొరకదు.

చట్రము చేయు పని

మెకానిక్కులు ఛాసీ అని పిలుచు ఈ చట్రము ఇంజనును మోయుటకు, మనిషిని కూర్చుండబెట్టుటకు మాత్రమే ఉన్నదని చాలమంది తలంతురు. దాని అసలు పని వేరు. ముందు చక్రమును, వెనుక చక్రమును ఎల్లప్పుడు ఒకే తలమునందు నిలుపుట దాని ముఖ్య ధర్మము. గుంటలో పడినను, మలుపులో ఒరిగినను, ముందు బ్రేకు గట్టిగా పట్టినను ఆ రెండు చక్రములు ఒకదానికొకటి వంకర కారాదు. హ్యాండిలు తిరుగు మెడ గొట్టమునకును వెనుక చక్రపు ఇరుసునకును మధ్య చట్రము కొంచెము మెలిపడినను, వేగమునందు బండి పామువలె ఊగును. అప్పుడు ప్రమాదము తప్పించుకొనుట కష్టము.

ఇంటనున్న నులక మంచమును చూడుడు. మూలలు వదులైన మంచము ప్రక్కకు ఒరిగిపోవును. పట్టెల పొడవు మారలేదు. కోణములు మాత్రము మారినవి. దీర్ఘచతురస్రము సమాంతర చతుర్భుజమైనది. అదే మూడు కర్రలను త్రిభుజముగా కట్టినచో, ఒక కర్ర విరిగిననో సాగిననో తప్ప దాని ఆకారము మారదు. మూడు భుజములు తెలిసినచో త్రిభుజము నిర్ణీతమని పాఠశాలలో చెప్పు క్షేత్రగణితమునకు ఇదియే నిత్యజీవితమందలి అర్థము. ఇంటి కప్పుకు వాసములు కూర్చు వడ్రంగియు, వంతెనకు ఉక్కు కమ్ములు కూర్చు ఇంజనీరును, మోటారు సైకిలు చట్రమును గీయు నిర్మాతయు ఈ ఒక్క సూత్రమునే ఆశ్రయింతురు.

ఇక గొట్టము సంగతి. వెదురు బోలుగా ఉండియు ఏల అంత గట్టిది? వంగుటను అడ్డగించు శక్తి, మధ్యనుండు పదార్థముకంటె అంచున ఉండు పదార్థమునకే ఎక్కువ. విద్యార్థులు లెక్క చేసి చూచుకొనవచ్చును. వెలుపలి వ్యాసము 30 మిల్లీమీటర్లు, గోడ మందము 2 మిల్లీమీటర్లు గల గొట్టమును తీసికొనుడు. లోపలి వ్యాసము 26 మిల్లీమీటర్లు. బిగువు వ్యాసపు నాల్గవ ఘాతమును అనుసరించును గనుక, 30 యొక్క నాల్గవ ఘాతము నుండి 26 యొక్క నాల్గవ ఘాతమును తీసివేయవలెను. వచ్చునది 3,53,024. అంతే ఉక్కుతో, అంతే పొడవున బోలు లేని కడ్డీ చేసినచో దాని వ్యాసము సుమారు 15 మిల్లీమీటర్లగును. దాని నాల్గవ ఘాతము 50,176. అనగా ఒకే బరువునకు గొట్టము కడ్డీకంటె 7 రెట్లు బిగువైనది. అయితే గొట్టపు బలమంతయు దాని పలుచని గోడలోనే ఉన్నది. ఆ గోడను ఎక్కడ కోసినను, ఎక్కడ తొలిచినను ఈ లెక్క తలక్రిందులగును.

చట్రములు స్థూలముగా రెండు విధములు. కొన్నిటిలో మెడనుండి దిగిన గొట్టము ఇంజను ముందు భాగముతో ఆగిపోవును. ఇంజనే వంతెనవలె ముందును వెనుకను కలుపును. తెలుగునాట సుపరిచితమైన బుల్లెట్టు ఈ తెగకు చెందినది. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీయు మద్రాసు మోటార్సును కలిసి ఎన్ఫీల్డు ఇండియాను నెలకొల్పగా, తిరువొత్తియూరు కర్మాగారము నుండి వెలువడిన ఆ పాత బుల్లెట్టునకు ఇంజను క్రింద గొట్టములు లేవు. ఇంజను దింపినచో ముందు గొట్టపు కొన గాలిలో నిలుచును. కవాటముల ఎడము సరిచేయు ఏర్పాటు సిలిండరు అడుగున, కుడి ప్రక్కనున్న చిన్న మూత వెనుక ఉండుటచే, ఆ పనికి పెట్రోలు ట్యాంకును కదల్చనక్కరలేదు. చెట్టునీడన కూర్చుండి బుల్లెట్టు బాగుచేయు మెకానిక్కు సంప్రదాయమొకటి ఏర్పడుటకు ఇట్టి సౌలభ్యమును ఒక కారణమే.

రెండవ విధము ఊయల చట్రము. ఇందు గొట్టములు మెడనుండి దిగి, ఇంజను క్రిందుగా సాగి, వెనుక పైకి లేచి, పై గొట్టములతో కలియును. శిశువును ఊయల పొదివికొన్నట్లు ఇంజనును నలువైపుల పొదివికొనును. బలమునకు ఇది మేలు. కాని ఊయలలోని శిశువును ఎత్తుకొనుటకు పైన ఖాళీ ఉండును. ఈ ఊయలకు పైన కూడ గొట్టములున్నవి. చిక్కంతయు ఇక్కడనే.

నాలుగు సిలిండర్ల బండి

ఈ చిక్కునకు ప్రసిద్ధమైన ఉదాహరణము జపాను దేశపు హోండా సి.బి. 750. 1968 అక్టోబరులో టోకియో ప్రదర్శనమున లోకమునకు చూపబడి, 1969లో విక్రయమునకు వచ్చిన ఈ బండి మోటారు సైకిళ్ల చరిత్రలో ఒక మలుపు. 736 ఘన సెంటీమీటర్ల ఇంజను, బండికి అడ్డముగా వరుసదీరిన నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బురేటర్లు, నాలుగు పొగ గొట్టములు, 67 అశ్వశక్తి, మీట నొక్కినంతనే కదలు విద్యుత్ స్టార్టరు, ముందు చక్రమునకు డిస్కు బ్రేకు. ఇవన్నియు ఒకేచోట, సామాన్య వినియోగదారుడు కొనగల బండిలో చేరుట ఆనాటికి అపూర్వము. 1970లో అమెరికాలోని డేటోనా 200 మైళ్ల పందెమున డిక్ మాన్ ఈ జాతి బండిపైననే గెలిచెను. ఈ తొలి రకపు ఇంజను గల బండ్ల తయారీ 1978 వరకు సాగెను.

దాని నిర్మాతలు మెకానిక్కును మరచిరని చెప్పుట అన్యాయము. ఎనిమిది కవాటముల ఎడమును సరిచేయుటకు తలపై ఎనిమిది చిన్న గుండ్రని మూతలు పెట్టిరి. చమురు వడపోత ఇంజను ముందు వైపున చేతికందునట్లుండును. జ్వలన బిందువులు కుడి ప్రక్కన ఒక మూత క్రింద ఉండును. నెలకో, రెండు నెలలకో చేయవలసిన పనులన్నిటికి దారి ఉంచిరి.

చిక్కు లోతైన పనులకు. తలమూత క్రింద కామ్ షాఫ్టు అరిగినను, తల అడుగున గాస్కెటు నుండి చమురు కారినను, పిస్టను రింగులు మార్చవలసివచ్చినను తలమూత తీయవలెను. ఇంజను చట్రములో ఉన్నంతవరకు అది రాదు. పైనున్న చట్రపు గొట్టములు అడ్డుపడును. కావున ట్యాంకు తీయవలెను. నాలుగు పొగ గొట్టములు విప్పవలెను. కార్బురేటర్ల వరుసను లాగవలెను. విడిగా ఉన్న చమురు తొట్టి నుండి వచ్చు గొట్టములను ఊడదీయవలెను. గొలుసు, తీగలు, బిగింపు బోల్టులు అన్నియు విప్పి, ఒక మనిషికి సాధ్యముకాని బరువు గల ఇంజనును వంచుచు, త్రిప్పుచు కుడి ప్రక్కనుండి బయటికి తీయవలెను. రంగు గీసికొనిపోవును, వ్రేళ్లు నలుగును. గాస్కెటు మార్చు పని కొంచెమే. దానిని చేరు ప్రయాణము మాత్రము దీర్ఘము.

ఇది నిర్మాతల తప్పా? ఆనాటి లెక్క వేరు. క్రొత్త బండికి తల విప్పవలసిన అవసరము వేల కిలోమీటర్లకు గాని రాదు. వచ్చినను, బరువులెత్తు సాధనములు గల విక్రేత కార్ఖానాకు బండి పోవును. ఆ లెక్క ప్రకారము బిగువైన చట్రము కొరకు కొంత సౌలభ్యమును వదలుకొనుట సమంజసమే. కాని ఆ బండ్లకు ఇప్పుడు ఏబది ఏండ్లు దాటినవి. రబ్బరు ముద్రలు గట్టిపడినవి, లోహము అరిగినది, విక్రేత కార్ఖానాల స్థానమున ఇంటి వసారాలు వచ్చినవి, ఇద్దరు మనుష్యుల స్థానమున ఒక వృద్ధ యజమాని మిగిలెను. నిర్మాత వేసిన లెక్క తప్పు కాదు. ఆ లెక్కలోని అంకెలను కాలము మార్చివేసినది.

రంపము పట్టుటకు ముందు

చట్రమును కోయు ఆలోచన మొదట వేగపు పందెగాండ్రలో బలపడెను. పావు మైలు దూరమును కొన్ని క్షణములలో దాటు పందెములలో ఇంజనును మాటిమాటికి విప్పవలసివచ్చును. వారు ఇంజను క్రిందుగా సాగు రెండు గొట్టములలో కుడివైపు గొట్టమును కొంతమేర కోసి, విప్పి బిగించుటకు వీలుగా చేసికొనిరి. ఆ ముక్క తీసినంతనే ఇంజను ప్రక్కకు జారివచ్చును. పాత బండ్ల అభిమానులు ఈ ఉపాయమును వారినుండి గ్రహించిరి. మరికొందరు ఇంకను తొందరపడి, తలమూతకు అడ్డుపడు పై గొట్టమునే అడుగున అరగదీసి ఎడము సంపాదింపజూతురు.

ఈ రెండు పనులు పైకి ఒకేవిధముగా కనిపించినను, వాటి మధ్య ఎంతయో అంతరము కలదు. క్రింది గొట్టమునకు తోడుగా ఇంజను ఉన్నది. సి.బి. 750లో ఇంజను రబ్బరు దిమ్మెలపై కాక, నేరుగా ఉక్కు బోల్టులతో చట్రమునకు బిగింపబడును. కావున ముందు బోల్టు నుండి వెనుక బోల్టు వరకు బలము రెండు దారుల పోవును: గొట్టము వెంట ఒకటి, ఇంజను గుల్ల వెంట ఒకటి. ఒక దూలమును ఇద్దరు మోయునప్పుడు ఒకని భుజము కొంచెము సడలినను రెండవవాడు కొంత ఆదుకొనును. పై గొట్టమునకు అట్టి తోడు లేదు. మెడను వెనుక భాగముతో కలుపు వెన్నెముక అది. దానిని అరగదీయుట ఒంటరిగా బరువు మోయుచున్న వాని కాలు విరుచుటవంటిది. కావున మొదటి నియమము: తోడులేని గొట్టమును తాకరాదు.

రెండవ విషయము లోహపు అలసట. 19వ శతాబ్ది నడుమ జర్మనీలో రైలు బండ్ల ఇరుసులు, తాము మోయగల బరువుకంటె తక్కువ బరువునకే, కొంతకాలము నడచిన పిమ్మట హఠాత్తుగా విరుగుచుండెను. ఆగస్టు వోలర్ అను రైల్వే ఇంజనీరు అనేక సంవత్సరములు ప్రయోగములు చేసి, ఒక్కసారి పడు పెద్ద బరువుకంటె లక్షలసార్లు పడు చిన్న బరువు లోహమునకు ప్రాణాంతకము కాగలదని నిరూపించెను. మోటారు సైకిలు చట్రము పొందునది ఇట్టి దెబ్బలనే. కోసి అతికిన చట్రము మొదటి రోజున చక్కగా ఉన్నంత మాత్రమున, వెయ్యవ రోజున ఉండునని నమ్మకము లేదు.

మూడవది రంధ్రపు మహిమ. లోహపు పలకలో చిన్న గుండ్రని రంధ్రము చేసి ఇరువైపుల లాగినచో, రంధ్రపు అంచున ఒత్తిడి తక్కినచోటి కంటె 3 రెట్లు ఉండునని 1898లో కిర్ష్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు గణితముతో చూపెను. మూల వాడియైనకొలది ఈ హెచ్చు ఇంకను పెరుగును. చినిగిన గుడ్డ చినిగిన చోటనే మరల చినుగుట అందరు ఎరిగినదే. రంపపు గాటు, మొరటు వెల్డింగు అంచు, అనాలోచితముగా చేసిన బోల్టు రంధ్రము, ఇవియే పగుళ్లకు పుట్టిళ్లు.

వాకిలి కట్టు విధము

ఇవన్నియు ఎరిగిన పనివాడు రంపమును చివరకు గాని తాకడు. ముందుగా చట్రము తిన్నగా ఉన్నదో లేదో కొలుచును. మెడ గొట్టమునకు, వెనుక ఇరుసునకు, ఇంజను బోల్టుల రంధ్రములకు గల దూరములన్నియు కాగితముపై వ్రాసికొనును. పిమ్మట చట్రమును కదలనివ్వని బలమైన బిగింపులో నిలుపును. లేదా చెడిపోయిన పాత ఇంజను గుల్ల ఒకటి సంపాదించి దానిని యథాస్థానమున బోల్టులతో బిగించును. కోసినంతనే గొట్టము కొంచెము విచ్చుకొనుటయో, కుదించుకొనుటయో కలదు. తయారీనాటి వెల్డింగు వేడిమి వలన లోహములో దాగిన బిగువే దీనికి కారణము. బిగింపు లేక కోసినవాడు, ఆ పిమ్మట బోల్టు రంధ్రములు కలియక విచారించును.

ఎక్కడ కోయవలెననునది తరువాతి ప్రశ్న. వంపు తిరిగినచోట కోయరాదు. బిగింపు బోల్టులకు దూరముగా గొట్టము నడుమను కోయరాదు. తిన్నని భాగమున, ఇంజను బోల్టులకు సాధ్యమైనంత చేరువగా కోసినచో, వంచు బలము అతుకుపై తక్కువగా పడును.

కోసిన రెండు కొనలను ఎదురెదురుగా ఆనించి బోల్టు వేసిన చాలదు. గొట్టము లోపల ఖచ్చితముగా ఇముడునట్లు ఉక్కు దిమ్మెను తరిమెన పట్టి, కొంత పొడవు లోపల దాగునట్లు చొప్పించి వెల్డింగు చేయవలెను. లోపలి దిమ్మె కొనను ఒక్కసారిగా మొండిగా విడువక, క్రమముగా పలుచబరుపవలెను. గట్టి దిమ్మె ఆగిపోయి పలుచని గొట్టము మొదలగు చోట బిగువు హఠాత్తుగా మారినచో, గొట్టము సరిగా అక్కడనే పగులును. వెదురునకు మొద్దు కర్ర కట్టినప్పుడు వెదురు విరుగునది కట్టు అంచుననే గదా! బయటికి నిలిచిన దిమ్మె భాగములను, రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి వేసినట్లు, సగముసగముగా చెక్కి ఒకదానిలో నొకటి కూర్చవలెను. ఒక కొన చీలిన నాలుకవలె ఉండి, రెండవ కొన దాని నడుమ ఇముడునట్లు చేసినచో ఇంకను మేలు. అప్పుడు బోల్టు తెగవలెనన్న ఒకచోట కాక రెండుచోట్ల తెగవలెను. ఒకే బోల్టు, రెట్టింపు భద్రత.

బోల్టు రంధ్రములు వదులుగా ఉండరాదు. వదులైన రంధ్రములో బోల్టు ప్రతి కుదుపునకు కొద్దిగా కదలి, రంధ్రమును కోడిగ్రుడ్డు ఆకారమునకు తెచ్చును, అతుకు గలగలలాడును. కావున రంధ్రమును సన్నముగా తొలిచి, రీమరుతో బోల్టునకు సరిపోవునట్లు సాపుచేయవలెను. బజారులో చవకగా దొరకు మెత్తని బోల్టు ఇక్కడ పనికిరాదు. వెల్డింగు ముగిసిన పిమ్మట నీరు చల్లి చల్లార్చుట మహాపరాధము. తనంతట తానే మెల్లగా చల్లారవలెను. చివరకు మొదట వ్రాసికొన్న కొలతలన్నియు మరల చూడవలెను. ఎర్రని చొచ్చుకొనుపోవు రంగును పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లినచో, కంటికి కనిపింపని పగులు ఎర్రని గీతయై బయటపడును. ఈ పరీక్ష ఒకసారి చేసి మరచునది కాదు. కొన్ని వేల కిలోమీటర్లకొకసారి మరల చేయవలసినది.

ఇంకొక హెచ్చరిక. హోండా చట్రము ఉక్కు గొట్టములు, రేకులతో వెల్డింగు చేయబడినది గనుక ఈ పద్ధతి దానికి చెల్లును. అంతకు పూర్వపు ఇంగ్లీషు బండ్లలో పెక్కింటి చట్రములు వేరు. వాటిలో గొట్టములు పోత ఇనుప కూడళ్లలో చొప్పింపబడి ఇత్తడితో అతుకబడినవి. ఆ కూడళ్లకు వెల్డింగు జ్వాల తగిలినచో ఇనుము పెళుసెక్కును. ఇత్తడి కరగి లోపలి పట్టు సడలును. ఒక బండికి ఔషధమైనది మరొక బండికి విషము కావచ్చును.

నిర్మాతలే చూపిన దారులు

యజమాని రంపముతో చేసినదానిని నిర్మాతలు కలముతో ముందే చేసిన సందర్భములు లేకపోలేదు. ఇంగ్లండులో స్టీవెనేజ్ పట్టణమున ఫిలిప్ విన్సెంటు, ఆస్ట్రేలియా వాడైన ఫిల్ ఇర్వింగు కలిసి 1946లో వెలువరించిన రెండవ శ్రేణి రాపిడ్ బండిలో క్రింది చట్రమును పూర్తిగా తొలగించిరి. చమురు తొట్టియే వెన్నెముక, ఇంజనే నడుము, వెనుక ఫోర్కు గేరుపెట్టె వెనుక భాగముననే ఆడును. అడ్డుపడుటకు గొట్టములే లేవు. ఇట్టిది బలహీనమని ఎవరైన శంకించినచో, 1948 సెప్టెంబరు 13న అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానమున రోలీ ఫ్రీ అను సాహసి ఈ జాతి బండిపై బోర్లపడుకొని గంటకు 150 మైళ్ల వేగమును దాటినాడని గుర్తుచేయవచ్చును. అయినను దీనికిని వెల కలదు: సిలిండరు తలలే వెన్నెముకను మోయుటచే, వాటిని విప్పునప్పుడు బండిని వేరు ఆధారముతో నిలుపవలెను.

మరింత చక్కని దారి ఇటలీలో కనబడినది. కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో దెల్ లారియో అను ఊర మోటో గుజ్జి కర్మాగారము కలదు. 1967లో అక్కడినుండి వచ్చిన వి7 బండిలో రెండు సిలిండర్లు వి ఆకారముగా నిలిచి, వాటి నడుమ పైన విద్యుత్తు పుట్టించు డైనమో కూర్చుండెను. దానిపైగా చట్రము పోవలసివచ్చుటచే బండి ఎత్తయ్యెను. లీనో టోంటి అను ఇంజనీరు ఆ డైనమోను తొలగించి, దాని స్థానమున ఆల్టర్నేటరును ఇంజను ముందుకొనకు చేర్చెను. ఖాళీయైన ఆ చోటనుండి తిన్నని గొట్టములను సిలిండర్ల నడుమగా సాగించి, త్రిభుజములుగా కూర్చెను. ఇంజను క్రిందుగా పోవు రెండు గొట్టములను మాత్రము వెల్డింగు చేయక, బోల్టులతో బిగించెను. 1971 నాటి వి7 స్పోర్టు బండి ఈ విధముగా పుట్టెను. క్రింది గొట్టములను విప్పి, ఇంజను అడుగున దిమ్మె పెట్టి, తేలికయైన చట్రమును బరువైన ఇంజనుపైనుండి ఎత్తివేయవచ్చును. బరువును తేలికనుండి ఎత్తుటకు బదులు, తేలికను బరువునుండి ఎత్తుట! ఆ చట్రపు సంతతి దశాబ్దముల పాటు నిలిచెను.

ఆ కాలముననే ఇంగ్లండులో దీనికి వ్యతిరేకమైన పాఠము దొరికెను. ట్రయంఫు 650 ఘన సెంటీమీటర్ల బండ్లకు 1971 సంవత్సరపు నమూనాగా, వెన్నెముక గొట్టములోనే చమురు నింపు క్రొత్త చట్రమును అంబర్‌స్లేడ్ హాల్ అను పరిశోధనాలయమున గీసిరి. కర్మాగారము మెరిడెన్‌లో, గీత వేరొకచోట. ఆలస్యముగా వచ్చిన చట్రములలో ఇంజనును కూర్చబోగా, పైనున్న రాకరు పెట్టెలతో సహా అది లోపల పట్టలేదు! తుదకు ఇంజను తల భాగములనే మార్చి, ఇంజను లోపలికి పోయిన పిమ్మట రాకరు పెట్టెలు బిగించునట్లు చేయవలసివచ్చెను. అంతవరకు కూర్పు పని నిలిచిపోయెను. ఆ సంస్థ కష్టములకు కారణములు అనేకము. ఈ ఒక్క చట్రముపై నింద వేయుట తగదు. కాని గీయువానికిని బిగించువానికిని మధ్య మాట లేనప్పుడు ఏమగునో ఇంతకంటె స్పష్టముగా తెలుపు ఉదాహరణము అరుదు.

ఎవరు కోయవలెను?

ఇక మిగిలినది ధర్మసందేహము. పాత బండి ఒక చారిత్రక వస్తువు. దానిని కోయుట తాళపత్ర గ్రంథమును కత్తిరించి కట్టుకట్టుటవంటిదని కొందరందురు. కోయనిచో అది మూలబడి తుప్పుపట్టును. ఏ గ్రంథమైనను చదువబడుటకే గదా అని మరికొందరందురు. రెండు మాటలలోను సత్యము కలదు. మొదటి ఏటి బండ్లవంటి అరుదైన వాటిని, ఎన్నడును కోయబడని చట్రముతో మిగిలిన వాటిని ముట్టకుండుట మంచిది. అట్టివాటికి శ్రమయే తగిన మూల్యము. పందెములకో, నిత్య ప్రయాణమునకో వాడు బండికి, ఇదివరకే మార్పులు పొందిన చట్రమునకు, నిపుణుని చేతిలో వాకిలి కట్టుట తప్పు కాదు. మెడపై చెక్కిన చట్రపు సంఖ్యను మాత్రము ఎవరును తాకరాదు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. రోడ్డుపై నడుచు బండి విషయమున దీనిని మరువరాదు.

కోయుటకు ముందు ప్రతివాడును వేసికొనవలసిన ప్రశ్న ఒకటే: ఈ గొట్టము ఇన్నాళ్లుగా మోయుచున్న బరువును రేపటినుండి ఎవరు మోయుదురు? ఇంజను మోయునా, ఉక్కు దిమ్మె మోయునా, రెండు బోల్టులు మోయునా? సమాధానము చూపగలవానికి రంపము పనిముట్టు. చూపలేనివానికి అది ఆయుధము, తగులునది అతనికే. సగము పూట శ్రమ తప్పించుకొనుటకై చేసిన గాటు, ఎన్నడో ఒక మలుపులో ఆ బండి ఎక్కిన మరొకని ప్రాణమును అడుగవచ్చును.

పాఠశాలలలో త్రిభుజపు ధర్మములు చెప్పు ఉపాధ్యాయులకు ఇందొక ఉపయోగము కలదు. నల్లబల్లపై గీసిన మూడు గీతలకు వీధిలో ఆగియున్న మోటారు సైకిలు సాక్ష్యమిచ్చును. విద్యార్థులను దానిచుట్టు నిలిపి, ఏ గొట్టము దేనిని మోయుచున్నదో, ఏ బోల్టునకు పానా అందునో, ఏ బోల్టునకు అందదో అడిగి చూడవచ్చును. రేపు యంత్రములను గీయబోవువారు ఆ పిల్లలలోనే ఉన్నారు. తాము గీయు ప్రతి గీతను ఎన్నడో, ఎక్కడో, నూనె అంటిన చేతులతో ఒకడు విప్పవలసియుండునని వారికి ఇప్పుడే తెలిసినచో, మున్ముందు చట్రములకు రంపముల అవసరము తగ్గును.